ఆవకాయ ఇనప్పెట్టెలో... అతిథి డేరాలో!

ఇంటికొచ్చిన చుట్టానికి పట్టెమంచం వాల్చి, కొత్త దుప్పటి పరిచి, ఫ్యాను కింద పడుకోబెట్టడం మన మర్యాద. అదే అమెరికాలో ఉన్నవాళ్లింటికి వెళ్తే... కారెక్కించి, నాలుగు గంటలు తిప్పి, అడవిలో చలికి గజగజ వణికిస్తూ నేలమీద పడుకోబెడతారు. పైగా 'అర్ధరాత్రి ఎలుగుబంటి రావచ్చు' అని చల్లగా చెబుతారు! విడ్డూరంగా ఉన్నా ఇక్కడివాళ్ల దృష్టిలో అతిథికి చేయగలిగిన మర్యాదల్లో అది చాలా పెద్దది. రాజమండ్రి నుంచి వచ్చిన చిన్ననాటి స్నేహితుణ్ని యోసెమిటీ నేషనల్ పార్కుకి తీసుకెళ్లిన ఓ ప్రవాసాంధ్రుడు చెప్పిన కబుర్లివి.

అమెరికా వచ్చే మనవాళ్లకి చూపించాల్సినవాటి జాబితా ఇక్కడ ప్రతి తెలుగింట్లోనూ ఉంటుంది. గోల్డెన్ గేట్ వంతెన, లివర్‌మోర్ గుడి, డిస్నీల్యాండ్, లాస్ వేగాస్ దీపాలు... ఓపికుంటే నయాగరా. నా స్నేహితుడికి ఫోన్లో ఆ జాబితా మొత్తం చదివాను. అంతా విని ''అవన్నీ టీవీలో చూశాన్లేరా. నాకు చెట్లు చూపించు, చాలు'' అన్నాడు.

వాడు రాజమండ్రిలో డిగ్రీ పిల్లలకి వృక్షశాస్త్రం చెబుతాడు. పాతికేళ్లుగా బోర్డుమీద 'సెక్వోయాడెండ్రాన్ జైగాంటియమ్' అని రాసి, ప్రపంచంలోకెల్లా భారీ చెట్టు ఇదేనని పిల్లల చేత వల్లె వేయిస్తున్నాడు. ఆ చెట్టుని మాత్రం ఎప్పుడూ చూడలేదు. నేను ఆ చెట్లకి నాలుగైదు గంటల దూరంలో ఉంటాను. ఇక హోటల్ గదుల గురించి ఆలోచించలేదు. ''మూడు రాత్రులు అడవిలోనే'' అని చెప్పేశాను. అవతల ఫోన్లో వాళ్లావిడ గొంతు వినిపించింది... ''అన్నయ్యగారు వేళాకోళమాడుతున్నారేమో కనుక్కోండి!''

జనవరిలో కొట్టిన బటన్

అడవిలో నేలమీద పడుకోవడానికి అంత ముందుగా చెప్పాలా అనిపిస్తుంది. చెప్పాలి. కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా పర్వతాల్లో సుమారు 3 వేల చదరపు కిలోమీటర్ల మేర ఉన్న యోసెమిటీకి ఏడాదికి 40 లక్షలమంది దాకా వస్తారు. వాళ్లలో చాలామంది కన్ను పడేది సన్నగా, పొడవుగా ఉండే యోసెమిటీ లోయమీదే. అక్కడ డేరా వేసుకునే చోట్లు కొన్ని వందలే. తిరుపతి దర్శనం టికెట్ల గురించి తెలిసినవాళ్లకి మిగతాది విడమరిచి చెప్పక్కర్లేదు!

లోయలోని క్యాంపుగ్రౌండ్లకి అయిదు నెలల ముందు, నెల 15వ తేదీ ఉదయం ఏడింటికి బుకింగ్ తెరుస్తారు. మే 15 నుంచి జూన్ 14 వరకూ ఉండే తేదీలు కావాలంటే జనవరి 15న కంప్యూటర్ ముందు కూర్చోవాలి. నిమిషాల్లో అయిపోతాయి. అందుకే 2025 మే నెల ప్రయాణానికి సంక్రాంతి మర్నాడే తెల్లవారకముందే లేచి, ఇంట్లో ముగ్గురం మూడు కంప్యూటర్ల ముందు కూర్చున్నాం. మా అమ్మాయి కంప్యూటర్‌కి 'అప్పర్ పైన్స్' క్యాంపుగ్రౌండ్లో చోటు దొరికింది. ఒక చోటులో ఆరుగురికి మించి ఉండకూడదు. మేం ముగ్గురం, వాళ్లిద్దరు... సరిపోయింది.

ఆ చోటు అంటే ఏమిటో కూడా చెప్పాలి. పైన్ చెట్ల మధ్య డేరా వేసుకునేంత చదును నేల, ఓ కొయ్య బల్ల, మంట వేసుకోవడానికి ఇనుప చట్రమున్న గుంట, ఓ ఇనప్పెట్టె. నాలుగడుగుల దూరంలో మంచినీళ్ల కుళాయి, మరుగుదొడ్లు. కరెంటు ఉండదు. స్నానాల గదులు ఉండవు. ఫోన్ సిగ్నల్ ఉంటే అదృష్టం. మనవైపు కార్తీక వనభోజనాలకి వెళ్లి, సాయంత్రం తిరిగిరాకుండా అక్కడే ఉండిపోతే ఎలా ఉంటుందో దాదాపు అలాగే ఉంటుంది.

బాదం తోటలు దాటి...

మా ఊరి నుంచి లోయకి సుమారు 260 కిలోమీటర్లు. మొదటి రెండు గంటలూ చదునైన వ్యవసాయ భూమి. రోడ్డుకి రెండువైపులా బారులు తీరిన బాదం చెట్లు. మా వాడు కారు అద్దం దించి చూస్తూ ''మన కోనసీమలో కొబ్బరి ఎట్లానో ఇక్కడ బాదం అట్లా అన్నమాట'' అన్నాడు. తర్వాత కొండ ఎక్కడం మొదలవుతుంది. 120వ నంబరు రోడ్డుమీద పార్కుకి దగ్గరవుతుంటే పచ్చదనం మధ్యలో ఒక్కసారిగా నల్లటి మోళ్లు కనిపిస్తాయి. 2013 ఆగస్టులో రేగిన 'రిమ్ ఫైర్' ఆనవాళ్లవి. రెండున్నర లక్షల ఎకరాలకు పైగా తగలబడింది. అనుమతిలేని చోట ఎవరో వేసుకున్న చలిమంటే దానికి కారణమని దర్యాప్తులో తేలింది. కారులో కబుర్లు కాసేపు ఆగిపోయాయి.

లోయలోకి దిగాక నేరుగా డేరా దగ్గరకి వెళ్లకుండా 'టనల్ వ్యూ' అనే మలుపు దగ్గర కారు ఆపాను. ఎడమపక్కన 900 మీటర్లకు పైగా నిట్టనిలువుగా లేచిన ఎల్ కాపిటాన్ బండ, కుడిపక్కన 189 మీటర్ల ఎత్తు నుంచి పల్చగా జారే బ్రైడల్‌వేల్ జలపాతం, దూరాన సగానికి కోసేసినట్టుండే హాఫ్‌డోమ్. ఎల్ కాపిటాన్‌ని 2017 జూన్‌లో ఆలెక్స్ హొనాల్డ్ అనే పర్వతారోహకుడు తాడూ గీడూ ఏమీ లేకుండా ఒట్టి చేతులతో ఎక్కేశాడు. ఆ సాహసంమీద తీసిన 'ఫ్రీ సోలో' డాక్యుమెంటరీకి 2019లో ఆస్కార్ వచ్చింది. చీకటిపడ్డాక ఆ బండమీద మిణుగురుల్లా చిన్న చిన్న వెలుగులు కనిపిస్తాయి. సగం ఎక్కి, అక్కడే వేలాడే పరుపుల్లో నిద్రకి సిద్ధమయ్యేవాళ్ల తలదీపాలవి. వాటిని చూపించగానే వాళ్లావిడ నావైపు తిరిగి ''అయితే మనం నేలమీద పడుకోవడం నయమే అన్నయ్యగారూ'' అంది.

ఎలుగుబంటి ముక్కు

డేరా వేయడం అరగంట పని. అసలు పని ఆ తర్వాతే మొదలైంది. ఇనప్పెట్టె తెరిచి ''వాసన వచ్చేవన్నీ ఇందులో పెట్టాలి'' అన్నాను. ఆవిడ బియ్యం, పప్పు, పులిహోర పోపు తెచ్చిచ్చింది. ''అన్నీ అంటే అన్నీ'' అన్నాను. ఆత్రేయపురం పూతరేకులొచ్చాయి. సున్నుండలొచ్చాయి. మూడు పొరల ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఆవకాయ సీసా వచ్చింది. అక్కడితో అయిపోలేదు. టూత్‌పేస్టు, సబ్బు, కొబ్బరినూనె, నొప్పుల బామ్, అగరొత్తులు, కర్పూరం, మావాడి వక్కపొడి పొట్లం కూడా పెట్టెలోకే వెళ్లాలి. ''దేవుడి అగరొత్తులు కూడానా?'' అని ఆశ్చర్యపోయింది. ఎలుగుబంటికి దేవుడి వాసనో, తిండి వాసనో తెలియదు. కొత్త వాసనైతే చాలు, వచ్చి చూస్తుంది.

యోసెమిటీలో 300 నుంచి 500 దాకా నల్ల ఎలుగులున్నాయని అంచనా. పేరుకి నల్లవే కానీ చాలావాటి రంగు గోధుమ. కాలిఫోర్నియా జెండామీద కనిపించే గ్రిజ్లీ జాతి ఈ రాష్ట్రంలో వందేళ్ల కిందటే అంతరించిపోయింది. మిగిలినవి ఈ నల్ల ఎలుగులే. వీటికి మనిషి మాంసంమీద ఆసక్తి లేదు, మనిషి తిండిమీద ఉంది. 1998లో ఒక్క యోసెమిటీలోనే 1500కు పైగా సంఘటనలు నమోదయ్యాయి. సీటు కింద మర్చిపోయిన బిస్కెట్ పొట్లం కోసం కారు తలుపుని డబ్బా మూతలా ఒలిచేసిన సందర్భాలు ఉన్నాయి. ఆ తర్వాత ప్రతిచోటా ఇనప్పెట్టెలు పెట్టి, చీకటిపడ్డాక కార్లో తిండి ఉంచకూడదని నిబంధన తెచ్చి, తప్పితే జరిమానా వేయడం మొదలుపెట్టారు. సంఘటనలు నూటికి తొంభైకి పైగా తగ్గిపోయాయి.

మావాడు మాత్రం మాస్టారు కదా, నిబంధన వెనక కారణం తెలిస్తేగానీ ఒప్పుకోడు. ''ఇదంతా మన ప్రాణం కాపాడటానికేనా?'' అనడిగాడు. ''కాదురా, దాని ప్రాణం కాపాడటానికి'' అన్నాను. మనుషుల తిండి రుచి మరిగిన ఎలుగు భయం పోగొట్టుకుని పదేపదే జనం మధ్యకి వస్తుంది. దూరంగా వదిలినా తిరిగొస్తుంది. చివరికి దాన్ని చంపేయక తప్పని పరిస్థితి వస్తుంది. మన నిర్లక్ష్యానికి శిక్ష దానికి పడుతుందన్నమాట. ఆ మాట విన్నాక వాడే టార్చిలైటు పట్టుకుని కారు సీట్ల కింద వెతికి, మా అమ్మాయి ఎప్పుడో పడేసిన చూయింగ్ గమ్ కాగితం కూడా ఏరి తెచ్చాడు!

రెండో రాత్రి, ఒంటిగంట దాటాక దూరంగా గిన్నెల చప్పుడు, ''హేయ్, హేయ్'' అని కేకలు వినిపించాయి. ఎలుగు దగ్గరకొస్తే చేయాల్సింది అదే... పారిపోకుండా గట్టిగా అరిచి బెదరగొట్టాలి. మా చోటుకి నాలుగు డేరాల అవతల నుంచి ఓ ఎలుగు నడుచుకుంటూ వెళ్లిపోయిందని పొద్దున్నే రేంజరు చెప్పాడు. ఏ పెట్టే తెరుచుకోలేదు. మావాడికి ఎలుగుని చూడలేకపోయానన్న బాధ. వాళ్లావిడకి ఆవకాయ భద్రంగా ఉందన్న సంతోషం.

పది దాటితే నిశ్శబ్దం

అడవిలో వంటకి ఓ సిలిండరు స్టవ్వు చాలు. గాలికి మంట అటూ ఇటూ కొట్టుకుంటుంది కాబట్టి చుట్టూ అట్టలు నిలబెట్టాం. ఉప్మా, పెసరపచ్చడి, పులిహోర. మూడోరోజు పప్పు కోసం కుక్కరు పెట్టి నాలుగు విజిల్స్ వేయించేసరికి పక్క డేరాలోని జర్మనీ జంట ఏం జరిగిందోనని పరుగెత్తుకొచ్చారు. వాళ్లకి అన్నం, ఆవకాయ పెట్టాం. కళ్లలో నీళ్లు తిరిగినా మారు అడిగి తిన్నారు.

వేసవి నెలల్లో లోయలోని క్యాంపుగ్రౌండ్లలో సాయంత్రం 5 నుంచి రాత్రి 10 వరకే కట్టెల మంట వేసుకోవాలి. కిందపడిన పుల్ల కూడా అడవిలోంచి ఏరకూడదు, కట్టెలు కొనుక్కోవాల్సిందే. ఎందుకంటే కుళ్లే కొమ్మే రేపటి ఎరువు. పది దాటితే మాటలు కూడా గుసగుసల్లోకి మారాలి. మొదటి రాత్రి పది కాగానే వందల డేరాలున్న ఆ ప్రాంతమంతా ఒక్కసారిగా సద్దుమణిగితే మావాడు నమ్మలేకపోయాడు. మంటమీద నీళ్లు పోసి, బూడిద కలిపి, మళ్లీ పోసి, చేత్తో తాకి చల్లబడిందని చూశాకే డేరాలోకి వెళ్లాం. దారిలో చూసిన నల్లటి మోళ్లు ఎవరూ మర్చిపోలేదు మరి.

మే నెలలో ఇక్కడ పగలు మన మార్గశిరంలా హాయిగా ఉంటుంది. రాత్రి పది డిగ్రీల కిందకి దిగిపోతుంది. మంకీ క్యాపు, రెండు స్వెట్టర్లు, స్లీపింగ్ బ్యాగు, దానిమీద నేను ఇంటినుంచి తెచ్చిన బొంత... అన్నీ కప్పుకుని కూడా మావాడు అర్ధరాత్రి బయటికొచ్చి నిలబడ్డాడు. చలికేమో అనుకున్నాను. తలెత్తి చూస్తున్నాడు. చెట్ల సందుల్లోంచి పాలపుంత కనిపిస్తోంది. ''చిన్నప్పుడు మా డాబామీద కనపడేదిరా. ఎప్పుడు కనపడటం మానేసిందో గమనించుకోలేదు'' అన్నాడు.

ఇదే మే నెలలో 1903లో అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కూడా ఇక్కడ మూడు రాత్రులు ఆరుబయట పడుకున్నాడు. ఆయన్ని తిప్పి చూపించిన 'గైడు' ప్రకృతి ప్రేమికుడు జాన్ మ్యూర్. ఓ పొద్దున గ్లేసియర్ పాయింట్ దగ్గర లేచేసరికి దుప్పట్లమీద మంచు పేరుకుని ఉంది. లోయనీ, మారిపోసా వనాన్నీ 1864లోనే అబ్రహాం లింకన్ సంతకంతో కాలిఫోర్నియా రాష్ట్ర సంరక్షణలో పెట్టారు. చుట్టుపక్కల అడవి 1890లో నేషనల్ పార్కయింది. ఆ మూడు రాత్రుల్లో మ్యూర్ చెప్పిన మాటలు రూజ్‌వెల్ట్‌కి బాగానే ఎక్కాయి. 1906లో లోయ, వనం కూడా జాతీయ పార్కులో కలిశాయి. అతిథిని అడవిలో పడుకోబెట్టడం వల్ల జరిగిన మేళ్లలో అదొకటి!

గోదావరి ఈతగాడు

రెండోరోజు పొద్దున హ్యాపీ ఐల్స్ నుంచి వెర్నల్ జలపాతం కనిపించే వంతెన దాకా నడిచాం. కిలోమీటరుకి కాస్త ఎక్కువ, కానీ ఎక్కుడు దారి. మోకాళ్ల నొప్పులున్న ఆవిడ కూడా ఆగి ఆగి వచ్చేసింది. అక్కణ్నుంచి జలపాతం తలదాకా వెళ్లాలంటే ఆరొందలకు పైగా రాతిమెట్లు, తుంపర్లతో తడిసి జారుతూ ఉంటాయి. మేం వంతెన దగ్గరే ఆగి, 97 మీటర్ల ఎత్తు నుంచి దూకే నీటిని కళ్లారా చూసి వెనుదిరిగాం.

దిగి వచ్చాక మెర్సెడ్ నది ఒడ్డున కూర్చున్నాం. అద్దంలా ఉంది నీరు. అడుగున గులకరాళ్లు లెక్కపెట్టొచ్చు. మావాడు సంచిలోంచి తువ్వాలు తీశాడు. ''ఒక్క మునక వేసొస్తా.''

''వద్దురా'' అన్నాను.

''కోటిలింగాల రేవులో నీకు ఈత నేర్పింది ఎవరనుకున్నావ్?''

అది నిజం. వరదనీట్లో కూడా అవతలి లంకకి ఈదిన మనిషి. నది కనిపిస్తే మునక వేయడం వాడికి సరదా కాదు, అలవాటూ నమ్మకమూ కలిసిన విషయం. అయినా అడ్డంగా నిలబడ్డాను. మేలో ఈ నదిలో పారేది వాననీరు కాదు, పైన కొండల్లో అప్పుడే కరిగిన మంచు. అందులో ఒక్కసారిగా మునిగితే ఒళ్లు కొయ్యబారడానికి ముందే ఊపిరి అదుపు తప్పుతుంది. నోరు తెరిచి గాలి పీల్చబోతే నీళ్లు వెళ్తాయి. పైకి నెమ్మదిగా కనిపించినా అడుగున లాగేస్తుంది. మలుపుల్లో కూలిన చెట్ల కొమ్మలు జల్లెడలా నిలబడి నీటిని వదిలి మనిషిని పట్టేస్తాయి. ఒడ్డున బండలు నీటికి అరిగి అరిగి నూనె రాసినట్టుంటాయి. యోసెమిటీలో ప్రమాదాల్లో పోయిన ప్రాణాల్లో నదులకీ జలపాతాలకీ బలైనవి చాలా ఉన్నాయి. 2011 జులైలో వెర్నల్ జలపాతం పైన కమ్మీ దాటి నీళ్లలోకి దిగిన ముగ్గురు అందరూ చూస్తుండగానే కొట్టుకుపోయారు. ప్రమాదం నీళ్లలోనే కాదు, అంచుల్లోనూ ఉంది. 2018 అక్టోబరులో టాఫ్ట్ పాయింట్ కొండ అంచునుంచి పడి భారతీయ దంపతులు మరణించారు.

ఇవన్నీ చెప్పాను. వాడు తువ్వాలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు కానీ మొహం మాడ్చుకున్నాడు. ''పిలిచి తీసుకొచ్చి నది ఒడ్డున కట్టేయడమేంట్రా'' అన్నాడు. పొద్దెక్కేదాకా మాట్లాడలేదు. నలభైఏళ్ల స్నేహంలో అంతసేపు మౌనంగా ఉండటం మాకు తెలియదు. అతిథి కోరిక కాదనడం ఇంటివాడికి ఎంత కష్టమో ఆ రెండు గంటల్లో తెలిసింది. అయినా సరే, ఒప్పుకోవాలని మాత్రం అనిపించలేదు. బండమీద కూర్చుని నావైపే చూస్తున్న వాళ్లావిడ కళ్లు చాలు, ఆ మొండితనానికి.

మధ్యాహ్నం లోయ మధ్యలో, నీరు మడమ లోతు కూడా లేని ఇసుక ఒడ్డు దగ్గర ఆగాం. వాడు గట్టుమీదే చతికిలబడి, మోచేతి దాకా చెయ్యి నీళ్లలో పెట్టాడు. నేను వాచీ చూస్తున్నాను. అర నిమిషం కాకముందే తీసేశాడు. చెయ్యి ఎర్రగా కందిపోయింది. వేళ్లు ముడవలేకపోతున్నాడు. కాసేపు దాన్ని ఒళ్లో పెట్టుకుని రుద్దుకుంటూ కూర్చుని, తనే మొదలెట్టాడు.

''కచ్చులూరు గుర్తుందా?''

2019 సెప్టెంబరు 15న పాపికొండలకి వెళ్తున్న పర్యాటకుల బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిపోయింది. వరద ఉద్ధృతంగా ఉన్నప్పుడు జరిగిన ఆ ప్రమాదంలో దాదాపు యాభైమంది చనిపోయారు. ఆ రోజుల్లో రాజమండ్రి ప్రభుత్వాసుపత్రి ముందు తమవాళ్ల కోసం నిలబడ్డ జనాన్ని వాడు చూశాడు. ''బయటివాళ్లకి గోదావరి తెలియక వెళ్లారని అప్పుడు అనుకున్నాన్రా. వాళ్లని ఆపాల్సిందెవరు? నది తెలిసినవాళ్లు. ఇక్కడ నది తెలిసింది నీకు'' అన్నాడు. దోసిలితో నీళ్లు తీసుకుని తలమీద చల్లుకున్నాడు. వాళ్లావిడకీ చల్లాడు. మునకైనా, చిలకరింపైనా పుణ్యం ఒకటేనట. అదీ మాస్టారే తేల్చాడు.

బండమీద రోలు

లోయలోని మ్యూజియం వెనక ఓ పాత పల్లె నమూనా ఉంది. చెట్టు బెరడుతో కట్టిన శంఖాకారపు గుడిసెలు, వాటి దగ్గర గుంటలుపడిన ఓ పెద్ద బండ. దాన్ని చూడగానే వాళ్లావిడ ''ఇది రోలే కదా అన్నయ్యగారూ!'' అంది. అక్షరాలా రోలే. ఈ లోయలో తరతరాలుగా ఉన్న అవానీచీ తెగ మహిళలు ఓక్ చెట్ల కాయల్ని ఎండబెట్టి, ఒలిచి, ఈ గుంటల్లో దంచేవారు. పిండిలోని వగరు పోయేదాకా నీళ్లు పోసి పోసి కడిగేవారు. నీళ్లు కారనంత బిగువుగా అల్లిన బుట్టలో ఆ పిండి కలిపి, కాల్చిన రాళ్లు అందులో వేసి జావ కాచేవారు. కుండ లేదు, పొయ్యిమీద పెట్టేది లేదు... బుట్టలోనే వంట!

బంగారం కోసం వచ్చినవాళ్లకీ, ఈ తెగకీ మధ్య గొడవలు ముదిరి 1851లో మారిపోసా బెటాలియన్ అనే సాయుధ దళం లోయలోకి వచ్చి వాళ్లని తరిమేసింది. తర్వాత కొందరు తిరిగొచ్చి ఇక్కడే చిన్నా చితకా పనులు చేసుకుంటూ బతికారు. వాళ్ల చివరి ఇళ్లను 1969లో కూల్చేశారు. ''అడవిని కాపాడటానికి అడవిలోవాళ్లని పంపించేశారన్నమాట'' అన్నాడు మావాడు. పోలవరం ముంపు గ్రామాల నుంచి కదిలిన కొండరెడ్ల పిల్లలు వాడి క్లాసులో ఉన్నారు. ఆ తర్వాత చాలాసేపు ఆ రోటి దగ్గరే నిలబడ్డాడు.

నిప్పు కోసం ఎదురుచూసే గింజ

ఆఖరిరోజు వాడు అడిగిన చెట్లు. లోయ నుంచి గంటకు పైగా ప్రయాణించి, కారు వదిలేసి, షటిల్ బస్సెక్కితే మారిపోసా వనం వస్తుంది. పెరిగి పెద్దవైన సెక్వోయాలు ఇక్కడ అయిదొందలకు పైగా ఉన్నాయి. వాటిలో పెద్దాయన 'గ్రిజ్లీ జెయింట్'. ఎత్తు 64 మీటర్లు, వయసు ఇంచుమించు మూడువేల ఏళ్లని అంచనా. అంటే బుద్ధుడు పుట్టేనాటికే ఇది మహావృక్షం! కాస్త దూరంలోనే 1895లో గుర్రపుబళ్లు వెళ్లడానికి మొదలు తొలిచేసిన చెట్టు ఇంకా బతికే ఉంది. ఆ తొర్రలోంచి అందరం నడిచాం. ఇలాంటిదే మరోటి, 1881లో తొలిచింది, 1969లో కూలిపోయింది.

మాకు చెట్టు కనిపిస్తే మావాడికి పాఠం కనిపించింది. కిందపడి ఉన్న కాయని చూపించాడు. ఇంత పెద్ద చెట్టు కాయ కోడిగుడ్డంతే ఉంటుంది. అందులో గింజలు అటుకు పొరకంటే పల్చన. ఈ కాయలు పండి రాలిపోవు. ఏళ్ల తరబడి, ఒక్కోసారి ఇరవై ఏళ్లు కూడా కొమ్మకే పచ్చిగా వేలాడతాయి. కింద చిన్న చిన్న కార్చిచ్చులు నడిస్తే ఆ వేడికి ఎండి, నోళ్లు తెరిచి, గింజలు రాలుస్తాయి. అప్పటికి నిప్పు కిందనున్న ఆకు చెత్తనంతా కాల్చేసి, నేలని దున్ని ఎరువు వేసినట్టు చేసిపెడుతుంది. తల్లిచెట్టుకి ఏమీ కాదు. అడుగు మందాన, కొన్నిచోట్ల రెండడుగుల మందాన ఉండే బెరడు దాన్ని కాపాడుతుంది.

ఈ సంగతి తెలియక దశాబ్దాలపాటు ఇక్కడ ప్రతి చిన్న మంటనీ ఆర్పేశారు. చెట్లు క్షేమంగా ఉన్నాయి, కానీ కింద ఒక్క మొలకా లేదు. 1960ల్లో రిచర్డ్ హార్ట్స్‌వెల్ట్ అనే శాస్త్రవేత్త పరిశోధనలతో అసలు కారణం అర్థమైంది. అప్పట్నుంచి అదుపులో ఉండే మంటల్ని సిబ్బందే పెడుతున్నారు. అయితే ఈలోపు పేరుకుపోయిన చెత్తకి కరవూ వేడీ తోడై మంటలు అదుపు తప్పుతున్నాయి. 2020, 2021 సంవత్సరాల్లో సియెర్రా నెవాడాలో రేగిన కార్చిచ్చుల్లో ప్రపంచంలోని భారీ సెక్వోయాల్లో నూటికి 13 నుంచి 19 చనిపోయాయని అంచనా. 2022 జులైలో 'వాష్‌బర్న్ ఫైర్' ఈ వనం దాకా వచ్చింది. గ్రిజ్లీ జెయింట్ చుట్టూ నీటి చిమ్మెనలు పెట్టి తడిపారు. అంతకుముందు పద్ధతిగా కాల్చి శుభ్రం చేసిన నేల దగ్గరకొచ్చేసరికి మంట నీరసించింది. వనం బతికింది.

''బోర్డుమీద రాసినంత కాలం దీని పొడవూ వెడల్పే చెప్పాన్రా. ఇది చెప్పలేదు'' అన్నాడు వాడు. ఆ కాయ ఫొటో తీసుకున్నాడు. అప్రయత్నంగా జేబువైపు వెళ్లిన చెయ్యిని తనే ఆపుకుని, కాయని ఎక్కడ తీశాడో అక్కడే పెట్టేశాడు. పార్కులోంచి కాయే కాదు, ఎండుటాకు కూడా పట్టుకెళ్లకూడదు.

అతిథితో వెళ్లేముందు...

* ప్రవేశ రుసుం కారుకి 35 డాలర్లు, వారం రోజులు చెల్లుతుంది. 2026 జనవరి 1 నుంచి యోసెమిటీ, ఎల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్ సహా 11 ప్రముఖ పార్కుల్లో విదేశీ పర్యాటకులు 16 ఏళ్లు, ఆపైవారైతే తలకి మరో 100 డాలర్లు కట్టాలి. విదేశీయుల వార్షిక పాసు 250 డాలర్లు. రెండు మూడు పార్కులు చూసేవాళ్లకి పాసే లాభం.

* కొన్నేళ్లు రద్దీ రోజుల్లో పార్కులోకి వెళ్లడానికే ముందస్తు రిజర్వేషన్ అడిగారు. నిబంధనలు ఏటా మారుతుంటాయి. బయల్దేరేముందు పార్కు వెబ్‌సైట్ చూసుకోవాలి.

* విజిటర్స్ ఇన్సూరెన్స్ లేకుండా అతిథిని కొండలెక్కించొద్దు. బీపీ, షుగర్ మందులు రోజుకు సరిపడా కాకుండా రెండు రోజులు అదనంగా ఉండాలి.

* మేప్‌లు ముందే ఫోన్లోకి దించుకోవాలి. విడిపోతే ఎక్కడ, ఏ టైముకి కలవాలో అనుకోవాలి.

* లోయలో పెట్రోలు బంకు లేదు. ట్యాంకు నింపుకునే దిగాలి.

* తలకి పెట్టుకునే దీపం మనిషికొకటి. అర్ధరాత్రి మరుగుదొడ్డికి వెళ్లాలంటే అదే ఆధారం. ఓ ప్లాస్టిక్ చెంబు మర్చిపోవద్దు!

* జలపాతాలకి మే, జూన్ నెలలు మంచివి. 739 మీటర్ల యోసెమిటీ జలపాతం చాలా ఏళ్లు ఆగస్టుకల్లా ఎండిపోతుంది. వసంతంలో పౌర్ణమి రాత్రుల్లో ఈ జలపాతం తుంపర్లమీద వెన్నెల ఇంద్రధనుస్సు కనిపిస్తుంది.

ఇక మా పార్కుకి...

వాళ్లు రాజమండ్రి చేరాక వారం రోజులకి మా అమ్మాయికి వాడి నుంచి ఫోనొచ్చింది. కొత్త ఏడాది తరగతిలో మొదటి పాఠం ఆ కాయ ఫొటోతోనే మొదలెడతాడట. ఇంకో సంగతి కూడా చెప్పాడు. మా అమ్మాయి పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. దానికి పాపికొండలంటే మా ఇంటి గోడమీద ఫొటో మాత్రమే. వాటిని 2008లో నేషనల్ పార్కుగా ప్రకటించారనీ, అక్కడ పులులున్నాయనీ, గోదావరి రెండు కొండల మధ్య సన్నగా ఒదిగి వెళ్తుందనీ వాడు చెబుతుంటే ఆశ్చర్యంగా వింది.

''చలికాలం సెలవులకి రామ్మా. మారేడుమిల్లిలో రాత్రుళ్లు ఉందాం. వెదురుబొంగులో చికెన్ కాల్పించి పెడతా. అక్కడ నువ్వే విదేశీ అతిథివి'' అన్నాడట.

''మరి నదిలో ఈత కొట్టొచ్చా అంకుల్?'' అనడిగింది మా అమ్మాయి.

''ఎక్కడ దిగాలో, ఎక్కడ దిగకూడదో నేను చెబుతా. కాదంటే మాత్రం అలగకూడదు'' అన్నాడట.

టికెట్లు కొనేశాం.